హెచ్‌ఐవీలో మందుల నిరోధకత: వైరల్ లోడ్ పెరిగిందంటే మందు పనిచేయడం మానేసినట్టేనా?

చిలకలగూడ_అక్క రాశారు:

అందరికీ నమస్కారం. మా తమ్ముడు చాలా ఏళ్లుగా హైదరాబాద్ నగరంలోని ఒక ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీకి మందులిచ్చే) సెంటర్లో మందులు తీసుకుంటున్నాడు. మొదట టీఎల్‌ఈ (టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫవిరెంజ్ కలిపిన) మాత్ర ఇచ్చేవారు, తరువాత అందరితోపాటు అతనికీ టీఎల్‌డీకి (ఎఫవిరెంజ్ బదులు డోలుటెగ్రావిర్ ఉన్న మాత్రకు) మార్చారు. ఏటా చేసే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే) పరీక్షలో ఇంతకాలం వైరస్ కనబడలేదనే వచ్చింది. ఈసారి మాత్రం మూడు వేల కాపీలు దాటిందని చెప్పారు. కౌన్సెలర్ గారు మాట్లాడి, మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష చేస్తామని, అంతవరకు అదే మాత్ర వేసుకోమని పంపించారు.

ఇంట్లో అందరూ అతను మందులు మానేశాడనే అనుకుంటున్నారు. అతను మాత్రం ఒక్క రోజు కూడా మానలేదని కన్నీళ్లు పెట్టుకుంటున్నాడు. మా బావగారేమో మందు ఒంటికి అలవాటు పడిపోయిందని, ప్రైవేటులో చూపించి వేరే మందు మొదలుపెడదామని అంటున్నారు. పనిచేయని మందును ఇంకో మూడు నెలలు వేసుకోవడం మంచిదేనా? దీన్నే నిరోధకత అంటారా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సూక్ష్మజీవి రాశారు:

అక్కయ్య గారూ, నేను ఒక ప్రయోగశాలలో మైక్రోబయాలజిస్టును. మందు ఒంటికి అలవాటు పడడం అనేది ఇక్కడ జరిగేది కాదు. మనిషి శరీరం మారదు, మారేది వైరస్. కాబట్టి నిరోధకత ఎలా పుడుతుందో ముందు చెబుతాను. అది తెలిస్తే కౌన్సెలర్ గారు మూడు నెలలు ఎందుకు ఆగమన్నారో కూడా అర్థమవుతుంది.

హెచ్‌ఐవీ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. దానిలో దాదాపు 9,700 అక్షరాలుంటాయి. మన కణంలోకి చేరాక రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్ ఆ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాస్తుంది. మన కణాల్లోని ఎంజైములు తాము రాసినదాన్ని సరిచూసుకుంటాయి గాని, ఈ ఎంజైముకు ఆ శక్తి లేదు. అందువల్ల రాసిన ప్రతిసారీ అక్కడొకటి ఇక్కడొకటి తప్పులు దొర్లుతూనే ఉంటాయి. చికిత్స తీసుకోని మనిషిలో రోజుకు సుమారు వెయ్యి కోట్ల కొత్త వైరస్ కణాలు పుడతాయని అంచనా. అన్ని కోట్లలో ఏదో ఒక మందుకు లొంగని రూపం ఆ మందు వేసుకోకముందే ఎక్కడో పుట్టి ఉంటుంది. ఒక్క మందే ఇస్తే లొంగేవన్నీ అణిగిపోతాయి, లొంగని ఆ ఒక్కటి పెరిగి మొత్తం చోటును ఆక్రమిస్తుంది. 1987లో మొట్టమొదటి మందు జిడోవుడిన్ వచ్చినప్పుడు జరిగింది ఇదే. రెండేళ్లు తిరగకుండానే, 1989లో, దానికి లొంగని వైరస్‌ను రోగులలో గుర్తించారు.

మూడు మందులు కలిపి ఇస్తే ఆ మూడింటికీ ఒకేసారి లొంగని రూపం పుట్టడం దాదాపు అసాధ్యం. 1996 ప్రాంతంలో మొదలైన కలగలుపు చికిత్స మరణాల రేటును అంతగా తగ్గించడానికి కారణం ఇదే. మందులు రక్తంలో సరిపడా ఉన్నంతకాలం వైరస్ కొత్తగా రాసుకోలేదు. రాసుకోనప్పుడు తప్పులకు కూడా తావుండదు. ప్రమాదమంతా మధ్యస్థితిలోనే ఉంటుంది. అంటే మందు ఉంటుంది గాని వైరస్‌ను పూర్తిగా ఆపేంత ఉండదు.

కాబట్టి వైరల్ లోడ్ పెరగడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మందు వైరస్ దాకా చేరాల్సినంత చేరడం లేదు. రెండు, చేరినా వైరస్ లొంగడం లేదు. రెండోదాన్నే నిరోధకత అంటాం. మూడు వేలు అన్న అంకె ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పదు.

విశ్రాంత_కౌన్సెలర్ రాశారు:

అమ్మా, నేను ఏఆర్‌టీ సెంటర్లో కౌన్సెలర్‌గా పనిచేసి ఈమధ్యే విరమించుకున్నాను. మీ తమ్ముడికి చెప్పింది సరైన పద్ధతే. మన జాతీయ కార్యక్రమంలో వైరల్ లోడ్ మిల్లీలీటరుకు 1,000 కాపీలు దాటినంత మాత్రాన మందు విఫలమైనట్టు నిర్ణయించరు. మందులు వేసుకునే తీరుపై గట్టిగా కౌన్సెలింగ్ చేసి, సుమారు మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షిస్తారు. అప్పుడూ వెయ్యి దాటితేనే విఫలమైందని భావించి పై స్థాయి వైద్యులకు పంపుతారు. రెండో పరీక్షలో వైరస్ అణిగినట్టు తేలే మనిషికి ముందే మందు మార్చడం వల్ల లాభం లేకపోగా, రేపు నిజంగా అవసరమైనప్పుడు వాడుకోవలసిన మందులలో ఒకటి ముందే ఖర్చయిపోతుంది. దయచేసి మీ బావగారి మాట విని సొంతంగా మందు మార్చకండి.

ఇంకొక్క సంగతి. మానేశావా అని అడిగితే మానలేదనే జవాబే వస్తుంది, ఎందుకంటే ఆ ప్రశ్నలో నింద ఉంది. దానికి బదులు నిన్న రాత్రి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నావు, అప్పటికి భోజనం చేశావా, దానితోపాటు ఇంకేమైనా మాత్రలు, సిరప్‌లు వేసుకుంటున్నావా, ఈమధ్య పని వేళలు మారాయా, వేరే డాక్టరుకు చూపించుకున్నావా అని అడగండి. గ్యాస్ మందులు, క్యాల్షియం, ఐరన్, క్షయ మందులు, మూర్ఛ మందులు, వీటి గురించి విడివిడిగా పేరు పెట్టి అడగండి. చాలామంది వీటిని మందుల కింద లెక్కవేయరు.

పాత_నేస్తం రాశారు:

నేను హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాణ్ణి. మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. ఆ తొలి సంవత్సరాల్లోనే మందులు మొదలుపెట్టినవారిలో నేనూ ఉన్నాను. అప్పట్లో స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ కలిపిన మాత్ర రోజుకు రెండు పూటలా వేసుకునేవాళ్లం. ఆ మందులు నన్ను బతికించాయి, వాటిపట్ల నాకు కృతజ్ఞత ఉంది. కాని ఆ రోజుల్లో వైరల్ లోడ్ పరీక్ష అందరికీ చేసేవారు కాదు. రోగనిరోధక కణాలైన సీడీ4ల సంఖ్య చూసి, బరువు చూసి, జ్వరాలొస్తున్నాయా అని అడిగి సరిపెట్టేవారు. సీడీ4 పడిపోవడం వైరస్ పెరిగిన చాలాకాలానికి గాని కనబడదు. ఆ లోపల వైరస్ మందు మధ్యనే పెరుగుతూ, ఒకదాని తరువాత ఒకటిగా మార్పులు కూడబెట్టుకుంటుంది. మన కార్యక్రమంలో అందరికీ క్రమం తప్పక వైరల్ లోడ్ చేయడం 2018లో మొదలైంది.

నేను పని కోసం వేరే రాష్ట్రం వెళ్లినప్పుడు బదిలీ కాగితాలు లేకుండా అక్కడి సెంటర్లో మందులు తీసుకోవడం కుదరక మధ్యలో చికిత్స ఆగిపోయింది. తిరిగి వచ్చాక అవే మందులు మళ్లీ మొదలుపెట్టారు, అవి పనిచేయలేదు. అప్పుడు నాకు ఒక వైద్యుడి నోట వినిపించిన మొదటి మాట నిర్లక్ష్యం. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే అక్కయ్య గారూ, మీ తమ్ముడి కన్నీళ్లను నమ్మండి. నమ్మిన తరువాత కారణం వెతకండి.

సూక్ష్మజీవి రాశారు:

పాత నేస్తం గారికి జరిగినదానిలో ఒక ముఖ్యమైన శాస్త్ర విషయం ఉంది. నెవిరపిన్, ఎఫవిరెంజ్ అనే మందులు రక్తంలో చాలా రోజులు నిలిచి ఉంటాయి, లామివుడిన్ వంటివి అంతకన్నా త్వరగా తగ్గిపోతాయి. మూడు మందులనూ ఒకే రోజు ఆపేసినా, ఆ తరువాత కొన్ని రోజుల పాటు రక్తంలో నెవిరపిన్ ఒక్కటే మిగులుతుంది. అంటే ఆ మనిషి తనకు తెలియకుండానే ఒంటి మందు చికిత్సలో ఉన్నట్టు లెక్క. పైగా నెవిరపిన్‌ను ఓడించడానికి వైరస్‌కు ఒకే ఒక్క మార్పు చాలు.

నిరోధకత పరీక్ష (వైరస్ జన్యువుల్లోని మార్పులను చదివే పరీక్ష) నివేదికలో కే103ఎన్ అని కనబడే మార్పు ఇదే. ఆ రాతను చదివే పద్ధతి చెబుతాను, నివేదిక చేతికొచ్చినవారు చాలామంది దాన్ని చూసి భయపడుతుంటారు. మొదటి అక్షరం మామూలు వైరస్‌లో ఆ చోట ఉండే అమైనో ఆమ్లానికి గుర్తు, అంకె ఎంజైములో దాని స్థానం, చివరి అక్షరం దాని బదులు వచ్చి చేరిన అమైనో ఆమ్లం. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ 103వ స్థానంలో లైసిన్ పోయి ఆస్పరజిన్ వస్తే నెవిరపిన్, ఎఫవిరెంజ్ రెండూ ఒకేసారి చేజారుతాయి. 184వ స్థానంలో మెథియోనిన్ బదులు వాలిన్ వస్తే అది ఎం184వి, లామివుడిన్‌కు లొంగని రూపం. అయితే ఈ మార్పుతో వైరస్ కొంత బలహీనపడుతుంది, టెనోఫోవిర్‌కు మరింత లొంగుతుంది కూడా. నిరోధకత వచ్చిందని తెలిసినా వైద్యులు లామివుడిన్‌ను కొనసాగించడం చూసి చాలామంది కంగారుపడతారు. కారణం ఇదే. టెనోఫోవిర్‌ను దెబ్బతీసేది ప్రధానంగా కే65ఆర్.

ఒకసారి పుట్టిన మార్పు పూర్తిగా పోదు. మందు ఆపితే మామూలు వైరస్ మళ్లీ పైకి వచ్చి పరీక్షలో మార్పులు కనబడకపోవచ్చు గాని, నిద్రాణంగా ఉన్న కణాల డీఎన్‌ఏలో ఆ పాత రూపం భద్రంగానే ఉంటుంది. అదే మందు తిరిగి ఇచ్చిన రోజున బయటికొస్తుంది. అందుకే పాత చికిత్సా పుస్తకాలు, పాత నివేదికలు పారేయకూడదు.

చిలకలగూడ_అక్క రాశారు:

కౌన్సెలర్ అమ్మగారు చెప్పిన ప్రశ్నలే ఒక్కొక్కటిగా అడిగాను. కొన్ని నెలల కిందట అతను బండి మీద నుంచి పడి చేయి విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టిన ఆస్పత్రిలో క్యాల్షియం మాత్రలు రాశారు. నొప్పి మాత్రలతో కడుపులో మంటగా ఉందంటే గ్యాస్ సిరప్ కూడా ఇచ్చారు. తనకు హెచ్‌ఐవీ ఉందని చెబితే కట్టు కట్టరేమోనని భయపడి అక్కడ ఆ మాటే ఎత్తలేదట. అతను పనిచేసేది కేటరింగులో, ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. అప్పుడు ఏమీ తినకుండా టీఎల్‌డీ మాత్ర, క్యాల్షియం మాత్ర కలిపి నోట్లో వేసుకుని, రెండు మూతల సిరప్ తాగి పడుకుంటాడట. సీసా తెచ్చి చూపించాడు, దాని మీద అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అని ఉంది. చేయి నయమైనా సిరప్ మాత్రం అలవాటుగా కొనుక్కుంటున్నాడు. దీని వల్ల ఇంత తేడా వస్తుందా?

మందుల_కొట్టు రాశారు:

అక్కయ్య గారూ, తప్పకుండా వస్తుంది. నేను కోఠీలో ఫార్మసిస్టును. టీఎల్‌డీలో కీలకమైన మందు డోలుటెగ్రావిర్. వైరస్ తన డీఎన్‌ఏను మన కణపు డీఎన్‌ఏలో అతికించడానికి వాడే ఇంటిగ్రేజ్ అనే ఎంజైములోని లోహ అయాన్లను పట్టుకుని ఈ మందు ఆ పనిని ఆపుతుంది. లోహాన్ని పట్టుకునే ఆ గుణమే కడుపులో దానికి అడ్డమవుతుంది. అల్యూమినియం, మెగ్నీషియం, క్యాల్షియం, ఐరన్ ఎదురైతే అక్కడే వాటితో బంధం ఏర్పరచుకుని, రక్తంలోకి చేరకుండా బయటికి పోతుంది. మీ తమ్ముడు ఒక్క రోజు కూడా మానలేదన్నది నిజమే అయి ఉంటుంది. మాత్ర నోట్లోకి వెళ్లింది గాని, అందులోని మందు పూర్తిగా ఒంటికి పట్టలేదు.

అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ వాడక తప్పకపోతే డోలుటెగ్రావిర్‌ను దానికి రెండు గంటల ముందు గాని, ఆరు గంటల తరువాత గాని వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ అదే ఎడం పాటించాలి. కాకపోతే కడుపు నిండా భోజనం చేసినప్పుడు వాటిని డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకోవచ్చు. ఖాళీ కడుపుతో కలపకూడదు. ఈ విషయం ఏఆర్‌టీ సెంటర్లో చెప్పి పుస్తకంలో రాయించండి. అయితే వైరల్ లోడ్ పెరగడానికి ఇదే కారణమని మూడు నెలల పరీక్ష వచ్చేదాకా ఖాయంగా అనలేం. వైరస్ ఇన్ని నెలలు సగం మందులో పెరిగి ఉంటే మార్పులు కూడా వచ్చి ఉండవచ్చు.

ఇదే వరుసలో క్షయ సంగతి చెప్పాలి. మన దగ్గర హెచ్‌ఐవీతో పాటు క్షయ కూడా ఉన్నవారు చాలామంది. క్షయ చికిత్సలోని రిఫాంపిసిన్ కాలేయాన్ని ప్రేరేపించి డోలుటెగ్రావిర్‌ను త్వరగా కరిగించేస్తుంది. అందుకని అలాంటివారికి రోజూ ఇచ్చే టీఎల్‌డీకి తోడు, పన్నెండు గంటల ఎడంతో మరో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ మాత్ర ఇస్తారు. రిఫాంపిసిన్ ఆపిన తరువాత కూడా రెండు వారాలు ఆ అదనపు మాత్ర కొనసాగించాలి. చాలామంది క్షయ మందులు అయిపోయిన రోజే దాన్ని కూడా ఆపేస్తారు, అది ప్రమాదం.

ఉప్పల్_శ్రీ రాశారు:

టీఎల్‌డీకి నిరోధకత రానే రాదని మా బంధువుకు వైద్యం చేసే డాక్టరు గారు చెప్పారు. అలాంటప్పుడు ఇంత కంగారు దేనికి? సిరప్ ఆపేస్తే సరిపోదా?

వైద్య_విద్యార్థి రాశారు:

శ్రీ గారూ, అరుదుగా వస్తుంది అనడం నిజం, రానే రాదనడం నిజం కాదు. నేను నగరంలోనే మెడిసిన్ పీజీ చేస్తున్నాను. డోలుటెగ్రావిర్‌కు లొంగకుండా ఉండడానికి వైరస్‌కు కష్టమైన మార్పులు కావాలి, వాటితో అది చాలావరకు బలహీనపడుతుంది కూడా. ఎఫవిరెంజ్‌తో పోలిస్తే దీని బలం అదే. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్చిలో విడుదల చేసిన నివేదిక చూడండి. డోలుటెగ్రావిర్ వాడేవారిలో వైరస్ అణిగే శాతం 90కి పైనే ఉన్నా, నిరోధకత సర్వేల్లో 3.9 నుంచి 8.6 శాతం వరకు కనబడింది. పాత మందుల మీద ఉంటూ, వైరల్ లోడ్ ఎక్కువగా ఉన్నప్పుడే డోలుటెగ్రావిర్‌కు మారినవారిలో అది 19.6 శాతం దాకా వెళ్లింది. మొదట అనుకున్నదానికంటే ఇది ఎక్కువ.

నిరోధకత పరీక్ష నివేదికలో ఇంటిగ్రేజ్ ఎంజైముకు సంబంధించి జి118ఆర్, ఆర్263కే వంటివి గాని, 148వ స్థానంలో మార్పు గాని కనబడితే పట్టించుకోవాలి. అలాంటి సందర్భంలో మన కార్యక్రమంలో రాష్ట్ర స్థాయి వైద్య నిపుణుల బృందం పరిశీలించి అటజనవిర్, లోపినవిర్, దరునవిర్ వంటి ప్రొటీజ్ ఇన్హిబిటర్లు (వైరస్‌లోని ప్రొటీజ్ అనే మరో ఎంజైమును ఆపే మందులు) ఉన్న చికిత్సను నిర్ణయిస్తుంది. మన నగరంలో గాంధీ ఆస్పత్రి ఇలాంటి సంక్లిష్ట కేసులు చూసే కేంద్రాల్లో ఒకటి.

అలాగని వైరల్ లోడ్ పెరిగిన ప్రతివారికీ నిరోధకత పరీక్ష వెంటనే చేయాలని నేను అనను. అది ఖరీదైన పరీక్ష, ప్రభుత్వ కార్యక్రమంలో అందరికీ మామూలుగా చేసేది కాదు. డోలుటెగ్రావిర్ వాడేవారిలో వైరస్ పెరిగినా ఎక్కువమందిలో నిరోధకత ఉండదు, మందు అందడంలోనే లోపం ఉంటుంది. ఆ లోపం సరిచేయకుండా పరీక్ష చేస్తే కాగితం వస్తుంది గాని మనిషికి మేలు జరగదు.

పాత_నేస్తం రాశారు:

డాక్టరు బాబూ, మీరు చెప్పినదానితో సగమే ఏకీభవిస్తాను. మీరిచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది. వైరస్ అణగకుండానే మందు మారినవారిలో ఆ శాతం 19.6 దాకా వెళ్లిందంటే, నాలాంటి పాతవాళ్లను కొత్తగా చికిత్స మొదలుపెట్టినవారితో ఒకే గాటన కట్టకూడదు. స్టావుడిన్ రోజుల నుంచి మందులు వేసుకుంటున్నవారికి లామివుడిన్ ఎప్పుడో చేజారి ఉండవచ్చు. అలాంటివారిలో టీఎల్‌డీ అంటే చాలాభాగం డోలుటెగ్రావిర్ ఒక్కటే మోస్తున్న బరువు. వారికి మొదటి వైరల్ లోడ్ పెరిగినప్పుడే పరీక్షకు పంపే వీలుండాలి.

వైద్య_విద్యార్థి రాశారు:

మీ వాదనలో బలముంది అన్నా. అయితే ఒక ఊరట కూడా ఉంది. ఆఫ్రికా దేశాల్లో జరిగిన నాదియా అనే పరిశోధనలో, మొదటి చికిత్స విఫలమై టెనోఫోవిర్, లామివుడిన్‌లకు నిరోధకత ఉన్నవారిలో కూడా, వాటితో కలిపి ఇచ్చిన డోలుటెగ్రావిర్ చాలామందిలో వైరస్‌ను అణచింది. కొంతమందిలో డోలుటెగ్రావిర్‌కు నిరోధకత పుట్టింది కూడా. పాత చరిత్ర ఉన్నవారికి వైరల్ లోడ్‌ను మరింత దగ్గరగా చూడాలన్న మీ మాటను నేనూ సమర్థిస్తాను.

జీడిమెట్ల_కెమిస్ట్ రాశారు:

నేను మందుల తయారీ రంగంలో ఉన్నాను. ప్రపంచం వాడే హెచ్‌ఐవీ మందుల్లో పెద్ద భాగానికి మన నగరంలో కేంద్రాలున్న అరబిందో, హెటిరో, లారస్ వంటి సంస్థలే మూలం. 2017లో కుదిరిన ఒప్పందంతో టీఎల్‌డీ పేద దేశాలకు మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకు దొరికింది. 2023కి గ్లోబల్ ఫండ్ కొనే ధర 45 డాలర్ల లోపుకు వచ్చింది. ఆరు నెలలకొకసారి సూదిమందుగా ఇచ్చే లెనకపవిర్‌ను అమెరికాలో 2022లో ఎన్నో మందులకు లొంగని హెచ్‌ఐవీ కోసమే మొదట ఆమోదించారు. అది వైరస్ జన్యుపదార్థాన్ని చుట్టి ఉండే లోపలి పెంకు (క్యాప్సిడ్) మీద పనిచేస్తుంది కాబట్టి పాత మందుల నిరోధకత దాన్ని తాకదు. దాని జెనరిక్ తయారీకి 2024లో లైసెన్సు పొందిన ఆరు సంస్థల్లో డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. అయితే దానికి కూడా నిరోధకత పుట్టగలదు. ఏ ఇతర మందూ పనిచేయనప్పుడు దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే మళ్లీ 1987 నాటి కథే జరుగుతుంది.

బోయిన్‌పల్లి_తల్లి రాశారు:

మా అక్క కొడుక్కు పుట్టుకతోనే హెచ్‌ఐవీ. అక్క పోయాక నేనే పెంచుతున్నాను. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, వైరల్ లోడ్ రెండుసార్లు వెయ్యి దాటింది. నిరోధకత పరీక్ష చేయిస్తామన్నారు. ఎలాగూ పనిచేయడం లేదు కదా అని వాడు మాత్రలు ఆపేస్తానంటున్నాడు. పరీక్ష అయ్యేదాకా ఆపవచ్చా?

సూక్ష్మజీవి రాశారు:

అమ్మా, దయచేసి ఆపనివ్వకండి. ఆ మందు మీద ఉండగానే, లేదా ఆపిన నాలుగు వారాల్లోపే రక్తం తీయాలి. అంతకన్నా ఆలస్యమైతే మామూలు వైరస్ పైకి వచ్చి మార్పులను కప్పేస్తుంది, నివేదిక అంతా బాగున్నట్టే చూపిస్తుంది. ఇంకో సంగతి, ప్రసవ సమయంలో తల్లికి ఒక్క మోతాదు నెవిరపిన్ ఇచ్చే పద్ధతి ఉన్న కాలంలో పుట్టిన పిల్లల్లో కొందరికి మొదటి నుంచే నెవిరపిన్‌కు లొంగని వైరస్ ఉంటుంది. పాత పుస్తకంలో ఆ వివరం ఉంటే డాక్టరు గారికి తప్పక చూపించండి.

విశ్రాంత_కౌన్సెలర్ రాశారు:

బాబుకు తన జబ్బు గురించి పూర్తిగా తెలుసా, లేక ఇంకేదో మాత్ర అని చెప్పి వేస్తున్నారా? ఈ వయసులో మాత్రలు ఆగిపోయే పిల్లలను నేను చాలామందిని చూశాను. ఎక్కువమందిలో కారణం తమ నుంచి దాచిపెట్టారన్న కోపం, హాస్టల్‌లో ఎవరైనా డబ్బా చూస్తారన్న భయం. సెంటర్లో కౌన్సెలర్‌తో వాణ్ణి ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. వాడి వివరాలు గోప్యంగా ఉంచాలని, చదువులోనూ వైద్యంలోనూ వివక్ష చూపకూడదని ఆ చట్టం చెబుతుంది. చిలకలగూడ అక్కయ్య గారూ, మీ తమ్ముడు కట్టు కట్టించుకునేటప్పుడు భయపడిన సంగతికీ ఇదే చట్టం వర్తిస్తుంది. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు, పేరు చెప్పనక్కరలేదు. బాబు మాత్రల డబ్బా విషయానికొస్తే, లేబుల్ లేని వేరే డబ్బాలోకి మార్చుకోవచ్చా అని సెంటర్లో ఫార్మసిస్టును అడగండి. మాత్రలకు తేమ తగలకుండా ఉండాలి, డబ్బాలోని చిన్న పొట్లాన్ని కూడా అందులోనే ఉంచాలి.